మిడి మిక్సింగ్

మిడి మిక్సింగ్ అనగా కంప్యూటరులోని సీక్వెన్సర్ సాఫ్ట్‌వేరులో నమోదు చేసిన వాద్య సమాచారమును బయటి ధ్వని మాడ్యూళ్ళకు పంపి, వాటి నుండి వెలువడే వాద్యముల స్థాయి, స్థానము, ప్రతిధ్వని మొదలగువాటిని ఒకదానికొకటి పొసగునట్లు సరిచేసే ప్రక్రియ. టేపుపై గాని, హార్డు డిస్కుపై గాని రికార్డు చేసిన పాటను మిక్స్ చేయుటకు, దీనికి ఒక మౌలికమైన తేడా కలదు. అక్కడ మిక్స్ చేయబడేది ధ్వని. ఇక్కడ, కనీసము మొదటి దశలో, మిక్స్ చేయబడేది ధ్వనిని పుట్టించమని చెప్పే ఆదేశములు మాత్రమే. సీక్వెన్సరులో ఉన్నది స్వరలిపి వంటిది. మాడ్యూలు ఆ స్వరలిపిని చూచి వాయించే విద్వాంసుని వంటిది. విద్వాంసుడు మారితే అదే కీర్తన మరొక విధముగా వినిపించినట్లే, మాడ్యూలు మారితే అదే మిక్సు మరొక విధముగా వినిపించును. ఈ పద్ధతిలోని సౌలభ్యములు, ఇబ్బందులు దాదాపు అన్నీ ఈ ఒక్క విషయము నుండే పుట్టుచున్నవి.

నేపథ్యము

వేర్వేరు సంస్థలు తయారు చేసిన ఎలక్ట్రానిక్ వాద్యములను కలుపుటకు ఒక ఉమ్మడి పద్ధతి ఉండవలెనని అమెరికాకు చెందిన డేవ్ స్మిత్ 1981లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ సమావేశములో ప్రతిపాదించెను. జపానులో రోలాండ్ సంస్థ స్థాపకుడైన ఇకుతారో కకెహాషి ఇదే దిశలో కృషి చేసెను. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన వాద్య వ్యాపారుల ప్రదర్శనలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ వారి ప్రాఫెట్-600, రోలాండ్ వారి జూపిటర్-6 వాద్యములను ఒక కేబులుతో కలిపి చూపిరి. అదే సంవత్సరము మిడి 1.0 ప్రమాణము వెలువడినది. ఈ కృషికి స్మిత్, కకెహాషి ఇద్దరికీ కలిపి 2013లో సాంకేతిక గ్రామీ పురస్కారము లభించినది.

కంప్యూటరు ఈ రంగములోనికి త్వరగానే ప్రవేశించెను. 1985లో వచ్చిన అటారీ ఎస్.టి. కంప్యూటరుకు మిడి సాకెట్లు పుట్టుకతోనే ఉండుట వలన అది ఐరోపా స్టూడియోలలో విశేషముగా వాడబడినది. స్టైన్‌బర్గ్ వారి క్యూబేస్ 1989లో మొదట ఈ యంత్రము కొరకే వచ్చినది. ఐ.బి.ఎం. తరహా కంప్యూటర్లపై 1987 నుండి కేక్‌వాక్ ప్రసిద్ధి పొందినది. నేడు ఆపిల్ సంస్థ చేతిలో ఉన్న లాజిక్ కూడా అటారీ యుగపు సీక్వెన్సరుల సంతతిదే. దీనిని రూపొందించిన ఎమాజిక్ సంస్థను ఆపిల్ 2002లో కొనుగోలు చేసెను.

మాడ్యూలు అనగా మీటలు లేని సింథసైజర్. ఒకే పెట్టె ఒకేసారి అనేక వాద్యములను పలికించగలుగుటను బహువాద్య సామర్థ్యము అనవచ్చును. ఈ సామర్థ్యము చౌకగా లభించిన తరువాతనే ఇంటిలో కూర్చుని పూర్తి పాటను మిక్స్ చేయుట సాధ్యమైనది. రోలాండ్ ఎం.టి-32 (1987), ఈ-మ్యూ ప్రోటియస్ (1989), రోలాండ్ సౌండ్ కాన్వాస్ ఎస్.సి-55 (1991), రోలాండ్ జె.వి-1080 (1994), యమహా ఎం.యు-80 (1994) ఈ కోవలోనివి.

దక్షిణ భారత చలనచిత్ర సంగీతములో సీక్వెన్సర్ల వాడకము 1980ల రెండవ భాగములో మొదలైనది. ఇళయరాజా సంగీతము కూర్చిన తమిళ చిత్రము పున్నగై మన్నన్ (1986) ఈ విషయములో తరచుగా పేర్కొనబడుచున్నది. ఎ. ఆర్. రెహమాన్ చెన్నైలో తన ఇంటి ఆవరణలోనే స్టూడియో ఏర్పరచుకొని, కీబోర్డులు, సీక్వెన్సరు ఆధారముగా పాటలు నిర్మించే పద్ధతిని రోజా (1992) చిత్రముతో దేశమంతటికీ పరిచయము చేసెను. తెలుగు శ్రోతలు ఆ పాటలను అనువాద చిత్రము ద్వారా విన్నారు.

పరికరముల అమరిక

ఈ అమరికలో రెండు వేర్వేరు దారులు ఉండును. కంప్యూటరు నుండి మాడ్యూలుకు ఆదేశములు వెళ్ళే దారి ఒకటి. మాడ్యూలు నుండి మిక్సరుకు గాని, కంప్యూటరు ఆడియో కార్డుకు గాని ధ్వని వచ్చే దారి మరొకటి. మిడి కేబులులో ధ్వని ప్రయాణించదు. కొత్తగా నేర్చుకొనువారు సీక్వెన్సరు తెరపై సూచికలు కదులుచున్నను స్పీకరులో ఏమీ వినిపించక తికమకపడుటకు చాలాసార్లు ఇదే కారణము. మొదటి దారి పనిచేయుచుండును, రెండవది కలిపి ఉండదు.

మిడి కేబులు చివర ఐదు పిన్నుల డిన్ కనెక్టర్ ఉండును. కంప్యూటరు వైపు అవుట్ సాకెట్టు, మాడ్యూలు వైపు ఇన్ సాకెట్టు కలపవలెను. మాడ్యూలుకు ఉండే త్రూ సాకెట్టు తనకు వచ్చిన ఆదేశములను ఉన్నవి ఉన్నట్లుగా తరువాతి మాడ్యూలుకు అందించును. రెండు, మూడు మాడ్యూళ్ళను ఇట్లు గొలుసుగా కలుపుట సాధారణమే గాని, గొలుసు పెరిగిన కొలదీ సంకేతపు ఆకారము చెడి స్వరములు తప్పిపోవచ్చును. అందుచేత ఎక్కువ మాడ్యూళ్ళు ఉన్నచోట ఒకే ఆదేశమును పలు దారులకు పంచే త్రూ బాక్సును, లేదా అనేక పోర్టులు గల ఇంటర్‌ఫేసును వాడుదురు. ప్రమాణము ప్రకారము ఒక కేబులు పొడవు 15 మీటర్లు దాటరాదు.

మీటలు గల కీబోర్డునే ధ్వని మాడ్యూలుగా కూడా వాడునప్పుడు దానిలోని లోకల్ కంట్రోల్‌ను ఆపివేయవలెను. లేనిచో మీట నొక్కిన వెంటనే ఒకసారి, సీక్వెన్సరు ద్వారా తిరిగి వచ్చి మరొకసారి అదే స్వరము మ్రోగును. ధ్వని గొట్టములోనుండి వచ్చినట్లు పలుచబడుట, సగము స్వరములు మధ్యలోనే తెగిపోవుట ఈ దోషమునకు గుర్తులు.

ఆదేశముల వేగము

మిడి కేబులుపై సమాచారము సెకనుకు 31,250 బిట్ల వేగముతో, ఒకదాని తరువాత ఒకటిగా ప్రయాణించును. ఒక బైటుకు ముందు, వెనుక చేర్చే బిట్లతో కలిపి 10 బిట్లు పట్టును కనుక ఒక బైటు 320 మైక్రోసెకన్లు తీసుకొనును. ఒక స్వరమును మొదలుపెట్టమని చెప్పుటకు మూడు బైట్లు కావలెను. అనగా ఒక్కొక్క స్వరమునకు సుమారు ఒక మిల్లీసెకను. తెరపై ఒకే గీతపై కనిపించే పది స్వరములు నిజానికి ఒకేసారి మ్రోగవు. మొదటిదానికి, పదవదానికి మధ్య సుమారు 9 మిల్లీసెకన్ల ఎడము ఏర్పడును. ఒకే చానెలుకు చెందిన స్వరములైతే మొదటి బైటును మరల మరల పంపకుండా పొదుపు చేసే ఏర్పాటు కలదు. అప్పుడు ఎడము మూడింట రెండు వంతులకు తగ్గును.

శ్రుతి వాద్యములలో ఈ ఎడము తెలియదు. డ్రమ్స్‌లో తెలియును. ఒకే క్షణమున బాస్ డ్రమ్, బాస్ గిటారు, పియానో, తంత్రీ వాద్యముల సముదాయము అన్నీ మొదలయ్యే చోట తాళపు బిగువు సడలినట్లు వినిపించును. దీనికి తోడు మాడ్యూలు తనకు అందిన ఆదేశమును ధ్వనిగా మార్చుటకు మరికొన్ని మిల్లీసెకన్లు తీసుకొనును. నిమిషమునకు 120 దెబ్బల వేగములో, దెబ్బకు 480 భాగములుగా విభజించే సీక్వెన్సరులో ఒక్కొక్క భాగము ఒక మిల్లీసెకను పైచిలుకు. కేబులు సామర్థ్యము కూడా దాదాపు అంతే. అంతకు మించిన సూక్ష్మత ఉన్నదని చెప్పుకొనే సాఫ్ట్‌వేరు, పాత కేబులు ద్వారా పనిచేయునంతవరకు, ఆ సూక్ష్మతను తెరపై మాత్రమే చూపగలదు.

నివారణోపాయములు సులభమైనవే. డ్రమ్స్‌ను పంపే మాడ్యూలుకు ప్రత్యేకముగా ఒక పోర్టు కేటాయించవలెను. వాద్యములను ఎంపిక చేసే ఆదేశములను, ప్రారంభ విలువలను పాట మొదటి స్వరముతో కలిపి పెట్టక, పాటకు ముందు ఒక ఖాళీ ఆవర్తము చేర్చి అందులో ఎడమెడముగా ఉంచవలెను. పిచ్ బెండ్ వంటి చక్రములను త్రిప్పునప్పుడు నమోదయ్యే వందలాది విలువలను పలుచన చేయవలెను. ఈ పనిని తమంతట తాముగా చేసే సదుపాయము చాలా సీక్వెన్సరులలో కలదు. అప్పటికీ చాలనిచో తంత్రీ వాద్యముల వంటి మెల్లగా పుంజుకొనే స్వరములను కొద్ది భాగములు వెనుకకు జరిపి, డ్రమ్స్‌ను ముందు పోనిచ్చుదురు.

స్థాయి

మిడిలో ఒక వాద్యపు బిగ్గరతనమును నిర్ణయించునవి మూడు. మీట ఎంత వేగముగా నొక్కబడినదో తెలిపే వెలాసిటీ, చానెలు మొత్తమునకు వర్తించే వాల్యూమ్ అనే 7వ కంట్రోలరు, చానెలు మొత్తమునకే వర్తించే ఎక్స్‌ప్రెషన్ అనే 11వ కంట్రోలరు. మూడింటి విలువలూ 0 నుండి 127 వరకే. మూడూ చివరకు బిగ్గరతనమునే మార్చునట్లు పైకి కనిపించుట వలన వీటిని ఒకదాని బదులు మరొకటి వాడుదురు. మిడి మిక్సులు చెడుటకు ఇంతకంటె పెద్ద కారణము మరొకటి లేదనవచ్చును.

వెలాసిటీ బిగ్గరతనముతోపాటు నాదగుణమును కూడా మార్చును. పియానోను బలముగా మీటినప్పుడు ధ్వని పెరుగుటయే గాక పదును కూడా పెరుగును. మాడ్యూలు ఈ స్వభావమును అనుకరించును. కాబట్టి పాటలో పియానో వినబడుట లేదని దాని వెలాసిటీలన్నింటినీ 30 చొప్పున పెంచినచో, మృదువుగా వాయించిన పియానో బదులు గట్టిగా కొట్టిన పియానో వచ్చును. 127కు చేరిన స్వరములన్నీ ఒకే బలముతో మ్రోగి వాయించిన వ్యక్తి వేళ్ళ జాడ చెరిగిపోవును. వెలాసిటీ వాదనమునకు సంబంధించినది, మిక్సుకు కాదు. వాదనము సరిగా ఉన్నదని నిర్ణయించిన తరువాత దానిని ముట్టకుండుట మంచిది.

వాద్యముల మధ్య సమతౌల్యము 7వ కంట్రోలరుతో కుదర్చవలెను. ఒకే వాద్యములోని ఎగుడుదిగుళ్ళు, అనగా వయొలిన్ల వరుస మెల్లగా పెరిగి తగ్గుట వంటివి, 11వ కంట్రోలరుతో రాయవలెను. ఈ విభజనకు ప్రయోజనము పని మధ్యలో తెలియును. వయొలిన్ల పెరుగుదలను 7వ కంట్రోలరులోనే రాసి ఉంచినవారు తరువాత వయొలిన్లను మొత్తము మీద కొంచెము తగ్గించవలెనన్నచో వందల విలువలను తిరిగి రాయవలసి వచ్చును. 11వ కంట్రోలరులో రాసినవారు మొదటి ఆవర్తములోని ఒక్క అంకెను మార్చినచో సరిపోవును.

ఈ అంకెలు బిగ్గరతనముతో సమానముగా పెరగవు. జనరల్ మిడి మార్గదర్శకములు సూచించే లెక్కలో విలువ 127 ఉన్నప్పుడు తగ్గింపు సున్న. 90 వద్ద సుమారు 6 డెసిబెల్లు, 64 వద్ద 12, 32 వద్ద 24 డెసిబెల్లు తగ్గును. రెండు కంట్రోలర్ల తగ్గింపులు కలిసిపోవును. రెండూ 90 వద్ద ఉన్నచో మొత్తము తగ్గింపు 12 డెసిబెల్లు అగును. దీనిని బట్టి పై భాగములో ఐదారు అంకెల మార్పు స్వల్పమనీ, క్రింది భాగములో అదే మార్పు పెద్దదనీ గ్రహించవచ్చును. అయితే ఇది సూచన మాత్రమే. పాత మాడ్యూళ్ళు తమ తమ సొంత వక్రరేఖలను అనుసరించును.

జనరల్ మిడి మాడ్యూళ్ళలో 7వ కంట్రోలరు ప్రారంభ విలువ 100. అన్ని వాద్యములనూ 127కు పెంచుట వలన లాభము లేదు. అన్నీ కలిసిన చోట మాడ్యూలు లోపలే ధ్వని పగిలిపోవచ్చును, పైగా ఏదైనా వాద్యమును పెంచుటకు చోటు మిగలదు. దీనికి విరుద్ధముగా అన్నింటినీ 40 వద్ద ఉంచి మిక్సరు వద్ద పెంచినచో మాడ్యూలు సహజమైన బుసధ్వని కూడా దానితోపాటే పెరుగును. అతి ముఖ్యమైన వాద్యమును 100 ప్రాంతమున ఉంచి, మిగిలినవాటిని దానికి తగినట్లు దించుట అనుభవజ్ఞుల పద్ధతి.

పాట చివర ధ్వనిని క్రమముగా తగ్గించుటకు పదహారు చానెళ్ళలోనూ 7వ కంట్రోలరును ఒకేసారి దించుట చాలామంది చేసే పని. ఒక్కొక్క మెట్టుకు 48 బైట్లు, అనగా 15 మిల్లీసెకన్లకు పైగా కేబులును ఆక్రమించును. ఆ లోపల వెళ్ళవలసిన స్వరములు వేచి ఉండును. దీని బదులు మాడ్యూలు మొత్తమునకు వర్తించే మాస్టర్ వాల్యూమ్ సందేశము 8 బైట్లతో అదే పని చేయును. వాద్యముల మధ్య సమతౌల్యము కూడా చెడదు.

డ్రమ్స్ విషయము కొంత వేరు. జనరల్ మిడిలో డ్రమ్స్ అన్నీ 10వ చానెలులో ఉండుట వలన 7వ కంట్రోలరు వాటన్నింటినీ కలిపి పెంచును, తగ్గించును. స్నేర్ ఒక్కదానినే తగ్గించవలెనన్నచో దాని వెలాసిటీని తగ్గించక తప్పదు. రోలాండ్ వారి జి.ఎస్., యమహా వారి ఎక్స్.జి. పద్ధతులలో ఒక్కొక్క డ్రమ్ముకు వేర్వేరుగా స్థాయి, స్థానము, ప్రతిధ్వని ఇచ్చే సందేశములు కలవు. ఇవి లేని మాడ్యూలులో అవి నిశ్శబ్దముగా విస్మరించబడును.

స్థానము, ప్రతిధ్వని

వాద్యము ఎడమ, కుడి స్పీకర్ల మధ్య ఎక్కడ వినిపించవలెనో 10వ కంట్రోలరు నిర్ణయించును. 0 పూర్తి ఎడమ, 64 మధ్య, 127 పూర్తి కుడి. బాస్ డ్రమ్, బాస్ గిటారు, ప్రధాన గానము లేదా ప్రధాన వాద్యము మధ్యలో ఉంచుట ఆనవాయితీ. స్వర మధ్యలో స్థానము మార్చినను కొన్ని మాడ్యూళ్ళు తరువాతి స్వరము నుండి మాత్రమే పాటించును.

ప్రతిధ్వని విషయములో మాడ్యూలుకు, స్టూడియోకు తేడా ఎక్కువ. స్టూడియోలో ఒక్కొక్క వాద్యమునకు వేర్వేరు ప్రతిధ్వనులు వాడవచ్చును. సాధారణ మాడ్యూలులో రివర్బ్ ఒకటి, కోరస్ ఒకటి మాత్రమే ఉండి పదహారు చానెళ్ళూ వాటిని పంచుకొనును. 91వ కంట్రోలరు రివర్బ్‌కు, 93వ కంట్రోలరు కోరస్‌కు ఎంత భాగము పంపవలెనో తెలుపును. జి.ఎస్., ఎక్స్.జి. మాడ్యూళ్ళలో రివర్బ్ ప్రారంభ విలువ 40. అనగా ఎవరూ అడగకున్నను బాస్ గిటారుకు కూడా ప్రతిధ్వని కలియును. అడుగు భాగము బురదగా వినిపించే మిక్సులో మొదట చూడవలసినది ఈ విలువనే. బాస్‌కు దానిని సున్నకు దించుట తరచుగా సరిపోవును.

మరొక చిక్కు కలదు. మాడ్యూలులోని వాద్యములను ఒక్కొక్కటిగా విని ఎంపిక చేసుకొనునప్పుడు అవి మిక్కిలి ఘనముగా వినిపించును. పాటలో పదహారింటిని కలిపినప్పుడు అదే వాద్యము బలహీనమగును. తయారీదారులు ఒంటరి వాద్యమునకు ప్రత్యేక ఎఫెక్టును జోడించి ఉంచుదురు. పలు వాద్యములు కలిసిన స్థితిలో ఆ ఎఫెక్టు ఏదో ఒక భాగమునకే దక్కును. జె.వి-1080 వంటి మాడ్యూళ్ళలో ఇది స్పష్టముగా తెలియును. కావున వాద్యములను ఒంటరిగా గాక పాట నడుచుచుండగానే ఎంపిక చేయవలెను.

స్వరముల పరిమితి

మాడ్యూలు ఒకేసారి పలికించగల స్వరముల సంఖ్యకు హద్దు కలదు. ఎస్.సి-55లో ఈ సంఖ్య 24, జె.వి-1080లో 64. కొన్ని వాద్యములు ఒక్కొక్క స్వరమునకు రెండు లేదా అంతకు మించిన ధ్వని మూలములను వాడును కనుక వాస్తవ సంఖ్య ఇంకను తక్కువ. హద్దు దాటినప్పుడు మాడ్యూలు అంతకుముందు మ్రోగుచున్న స్వరములలో కొన్నింటిని ఆపివేయును. పియానోలో సస్టెయిన్ పెడలును ఆవర్తము పొడవునా నొక్కి ఉంచుట ఈ దోషమునకు ప్రధాన కారణము. వినిపించనంతగా తగ్గిపోయిన స్వరములు కూడా లెక్కలోనికి వచ్చును. కొన్ని మాడ్యూళ్ళలో ఏ భాగమునకు కనీసము ఎన్ని స్వరములు నిలిపి ఉంచవలెనో ముందుగా నిర్ణయించే ఏర్పాటు కలదు. ప్రధాన వాద్యమునకు, డ్రమ్స్‌కు ఇట్లు కేటాయించినచో నష్టము వినబడని చోటికి మరలును.

గమకములు

జనరల్ మిడి జాబితాలోని 128 వాద్యములలో 105వది సితార్, 112వది షెహనాయి. వీణ, నాదస్వరము, మృదంగము, తబలా ఈ జాబితాలో లేవు. అయితే భారతీయ సంగీతమును మిడిలో కూర్చువారికి వాద్యముల కొరత కంటె గమకముల సమస్య పెద్దది. మిడిలో స్వరము పియానో మీట వంటిది, పన్నెండు స్వరస్థానములలో ఒకటి. స్వరముల మధ్య జారుటకు, ఊగుటకు ఉన్న సాధనము పిచ్ బెండ్.

పిచ్ బెండ్ చానెలు మొత్తమునకు వర్తించును. తంబురా శ్రుతి, ప్రధాన వాద్యము ఒకే చానెలులో ఉన్నచో గమకముతోపాటు శ్రుతి కూడా ఊగును. అందుచేత గమకములు పలికే వాద్యమునకు తనకంటూ ఒక చానెలు ఉండి తీరవలెను. పైగా ప్రారంభ స్థితిలో బెండ్ పరిధి పైకి రెండు అర్ధస్వరములు, క్రిందికి రెండు అర్ధస్వరములు మాత్రమే. షడ్జమము నుండి అంతర గాంధారమునకు జారుటకు నాలుగు అర్ధస్వరములు కావలెను. పరిధిని పెంచే సందేశము మిడిలో కలదు. సాధారణముగా దానిని 12కు పెంచి వాడుదురు.

మాడ్యూలు మారినప్పుడు దీని పరిణామము తీవ్రముగా ఉండును. పరిధి 12 అనుకొని రాసిన షడ్జమ గాంధారముల జారుడును, పరిధి సందేశమును అర్థము చేసుకోని మాడ్యూలు తన రెండు అర్ధస్వరముల పరిధిలోనే వాయించును. గాంధారమునకు చేరవలసిన స్వరము అర్ధస్వరములో మూడింట రెండు వంతుల దూరమే కదలి, శుద్ధ రిషభమును కూడా అందుకోకుండా ఆగిపోవును. రాగము గుర్తుపట్టలేని విధముగా మారును. ఒక్కొక్క స్వరమునకు విడిగా బెండ్ ఇచ్చే ఎం.పి.ఈ. అను పద్ధతి 2018లో ఆమోదము పొందినది. అది కూడా ఒక్కొక్క స్వరమునకు ఒక్కొక్క చానెలును కేటాయించుట ద్వారానే పనిచేయును.

మాడ్యూలు మారినప్పుడు

మిడి తొలి సంవత్సరములలో వాద్యముల సంఖ్యలకు ఉమ్మడి క్రమము లేదు. ఒక మాడ్యూలులో వేణువు ఉన్న సంఖ్యలో మరొకదానిలో గంట ఉండవచ్చును. 1991లో వచ్చిన జనరల్ మిడి ఈ గందరగోళమును తగ్గించెను. 128 వాద్యముల క్రమము, 10వ చానెలులో డ్రమ్స్, కనీసము 24 స్వరములు అందులోని ముఖ్యాంశములు. అయితే అది వాద్యముల పేర్లను స్థిరపరచెను గాని వాటి ధ్వనిని, పరస్పర బిగ్గరతనమును పూర్తిగా స్థిరపరచలేదు. ఒక మాడ్యూలులో 100 వద్ద సరిగా ఒదిగిన తంత్రీ వాద్యములు వేరొకదానిలో గానమును కప్పివేయవచ్చును. ఎం.టి-32 కొరకు కూర్చిన 1980ల కంప్యూటరు ఆటల సంగీతమును జనరల్ మిడి మాడ్యూలుకు పంపినచో వాద్యములే తారుమారగును. జనరల్ మిడి కొరకు కూర్చినవి కూడా విండోస్‌లోని అంతర్గత సింథసైజరుపై, అది రోలాండ్ ధ్వనులనే వాడుచున్నను, ఎస్.సి-55పై వినిపించినట్లు వినిపించవు.

ఇతరులకు పంపదలచిన మిడి ఫైలు మొదటి ఆవర్తములో మాడ్యూలును ప్రారంభ స్థితికి తెచ్చే సందేశము, తరువాత ప్రతి చానెలుకు వాద్య సంఖ్య, 7, 10, 11, 91, 93 కంట్రోలర్ల విలువలు, బెండ్ పరిధి తప్పక ఉండవలెను. ముందు వాయించిన పాట వదలిన విలువలు మాడ్యూలులో అట్లే నిలిచి ఉండును. పాటను మధ్య నుండి వాయించినప్పుడు వాద్యములు తప్పుగా పలుకుటకు కూడా ఇదే కారణము. వెనుకటి విలువలను వెదకి పంపే ఛేజ్ అను సదుపాయమును సీక్వెన్సరులో తెరచి ఉంచినచో ఈ ఇబ్బంది తొలగును.

ఆడియోగా మార్చుట

మిక్సు ఎవరి వద్దనైనను ఒకే విధముగా వినిపించుటకు ఏకైక మార్గము దానిని ధ్వనిగా రికార్డు చేయుట. సీక్వెన్సరు, ఆడియో రికార్డింగు ఒకే సాఫ్ట్‌వేరులో కలసిన తరువాత ఇది సులభమైనది. రెండు విధములుగా చేయుదురు. మాడ్యూలు వెలువరించే స్టీరియో ధ్వనిని ఉన్నది ఉన్నట్లుగా ఒక్కసారే రికార్డు చేయుట మొదటిది. వాద్యములను ఒక్కొక్కటిగా, మిగిలినవాటిని ఆపి, ప్రతిధ్వని లేకుండా రికార్డు చేసి, ఆ తరువాత సాధారణ ఆడియో మిక్సింగ్ చేయుట రెండవది. పలు అవుట్‌పుట్లు గల మాడ్యూలు రెండవ పనిని త్వరగా ముగించును. జె.వి-1080కు ఆరు అవుట్‌పుట్లు కలవు.

ఒక్కొక్క వాద్యమును విడిగా రికార్డు చేయుట వలన కేబులు రద్దీ తగ్గి తాళము బిగియును, స్వరముల పరిమితి కూడా బాధించదు. అందువలన మిక్సు మెరుగుపడుటతోపాటు కొంత మారును కూడా. రద్దీలో వెనుకబడిన స్వరములకు చెవి అలవాటుపడి ఉండుటయే దీనికి కారణము. ఒకే వాద్యమును రెండుసార్లు రికార్డు చేసినచో రెండింటికీ ఒకటి రెండు మిల్లీసెకన్ల తేడా వచ్చును. ఆ రెండింటినీ కలిపి వాయించినచో ధ్వని బోలుగా మారును గనుక ఒకటే ఉంచవలెను. రికార్డయిన ధ్వని సీక్వెన్సరులోని గీత కంటె కొంత ఆలస్యముగా మొదలగును. పాట ముందు ఒక పదునైన డ్రమ్ము దెబ్బను ప్రతి వాద్యముతోను రికార్డు చేసినచో, ఆ దెబ్బలను వరుసలోనికి తెచ్చి మొత్తమును సరిచేయవచ్చును.

1999లో వి.ఎస్.టి. రెండవ రూపముతో వాద్యములే సాఫ్ట్‌వేరుగా మారుట విస్తరించెను. కంప్యూటరు లోపలే ధ్వని పుట్టునప్పుడు కేబులు వేగము, స్వరముల పరిమితి వంటి ఇబ్బందులు చాలావరకు లేవు. 7, 11 కంట్రోలర్లు, వెలాసిటీల మధ్య తేడా మాత్రము అక్కడ కూడా అట్లే వర్తించును. 2020లో ఆమోదించబడిన మిడి 2.0లో కంట్రోలర్ల విలువలు 128 మెట్ల నుండి 32 బిట్ల సూక్ష్మతకు పెరిగినవి.

భద్రపరచుట

మిడి ఫైలు పరిమాణము చాలా చిన్నది. ఒక పూర్తి పాట కొన్ని పదుల కిలోబైట్లలో ఇముడును. 1988 నాటి ప్రామాణిక మిడి ఫైలు రూపమును నేటి సాఫ్ట్‌వేరు కూడా చదువగలదు. అయినను ఆ ఫైలు ఒక్కటే భద్రముగా ఉన్నంతమాత్రమున పాట భద్రముగా ఉన్నట్లు కాదు. దానిని పలికించిన మాడ్యూలు మూలపడినచో మిగిలేది స్వరములు, కాలములు, అంకెలు మాత్రమే.

వాడుకరి స్వయముగా మలచుకొన్న వాద్యధ్వనులు మరింత అల్పాయుష్కములు. 1980, 1990ల నాటి మాడ్యూళ్ళు వీటిని లోపలి చిన్న లిథియం బ్యాటరీ సహాయముతో గుర్తుంచుకొనును. బ్యాటరీ కొన్ని సంవత్సరములకు నీరసించును. ఆనాడు కర్మాగారపు ధ్వనులు నిలిచి, సొంత ధ్వనులు మాయమగును. బ్యాటరీ మార్చునప్పుడు కూడా అదే జరుగును. సొంత ధ్వనులన్నింటినీ సిస్టమ్ ఎక్స్‌క్లూజివ్ అను సందేశముల రూపములో సీక్వెన్సరుకు పంపించి పాట ఫైలుతోపాటు దాచుట, వాడిన మాడ్యూలు పేరు, వాద్యముల పేర్లు ట్రాకుల శీర్షికలలోనే రాసి ఉంచుట, ప్రతి వాద్యమును విడిగా ఆడియోగా రికార్డు చేసి ఉంచుట ఈ నష్టమును నివారించే పద్ధతులు. మూడింటిలో చివరిది ఎక్కువ స్థలము తీసుకొనును గాని, మాడ్యూలు లేకున్నను పనికివచ్చేది అది ఒక్కటే.